ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు ఇంటి పనిలో వాటా ఇవ్వడం ఎలా: హైదరాబాద్ అమ్మానాన్నల కోసం

ఏప్రిల్ చివరి వారంలో సెలవులిస్తే బడులు మళ్ళీ తెరిచేది జూన్ 12న. అంటే దాదాపు ఏడు వారాలు పిల్లలు ఇంట్లోనే. బయట నలభై దాటిన ఎండ, లోపల టీవీ, ఫోను, వాటి కోసం గొడవలు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైనప్పటి నుంచే చాలా ఇళ్ళల్లో ఈ టెన్షన్ పట్టుకుంటుంది, ఎవరు కనబడినా "మీ వాణ్ని ఏ క్యాంపులో వేస్తున్నారు" అనే అడుగుతారు. క్యాంపు వద్దని నేననను. ఈతో, బొమ్మలో, తబలానో నేర్చుకుంటానని పిల్లలే అడిగితే తప్పకుండా పంపండి, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న జవహర్ బాలభవన్ లాంటి చోట్ల తక్కువ ఫీజుతోనే నేర్పుతారు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులతో నింపేస్తే అది ఇంకో బడి అవుతుంది తప్ప సెలవు కాదు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. పిల్లలకు రోజూ కాలక్షేపం వెతకడం మానేసి, ఇంటి పనిలో వాటా ఇవ్వండి. ఎండాకాలం ఇంట్లో ఎన్ని పనులు పుడతాయో చూడండి: రంజన్ (మంచినీళ్ళ మట్టికుండ) నింపాలి, మామిడిపళ్ళు తెచ్చి చూసుకోవాలి, ఆవకాయ పెట్టాలి, వడియాలు ఎండబెట్టాలి, డాబా తడపాలి. ఇవన్నీ పిల్లలు పడుకున్నాక గబగబా ముగించేస్తాం, అడ్డం పడతారని. ఆ అడ్డం పడటమే వాళ్ళకు కావలసిన ఆట.

ముందు రోజును ఎండకు తగ్గట్టు మార్చుకోండి

మే నెలలో మన దగ్గర ఆరు కాకముందే పొద్దు పొడుస్తుంది. బయట తిరిగే పని ఏదున్నా ఎనిమిదిన్నర లోపు ముగించాలి, పదకొండు నుంచి నాలుగు దాకా ఇంట్లోనే, మళ్ళీ అయిదున్నర దాటాకే గడప దాటడం. సెలవుల్లో పొద్దున్నే ఎవరు లేస్తారండీ అంటారు గానీ, లేచాక చేసేందుకు ఏదైనా ఉందంటే పిల్లలు మనకంటే ముందే లేస్తారు. కేబీఆర్ పార్కుకు తెల్లవారగానే వెళ్ళండి, నెమళ్ళ అరుపులు దారి పొడుగునా వినబడతాయి, కాసేపు ఓపిక పడితే కనబడతాయి కూడా. జూపార్కుకు వెళ్ళాలనుకుంటే గేటు తెరిచే వేళకే అక్కడ ఉండండి, ఎండెక్కాక జంతువులు కూడా నీడకు పోయి పడుకుంటాయి (సోమవారం జూకు సెలవు, పిల్లలకు చెప్పేముందు గుర్తుంచుకోండి). పార్కు దూరమైతే మొక్కలకు నీళ్ళు పోసే పని, పాలు తెచ్చే పని చాలు.

రంజన్ బాధ్యత ఒక పిల్లకో పిల్లాడికో పూర్తిగా అప్పగించండి. కొత్త కుండ తేగానే ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, పళ్ళెంలో కాస్త ఇసుక పోసి దాని మీద నిలబెట్టాలి. కుండ ఒంటి మీదున్న సన్నటి రంధ్రాల్లోంచి నీళ్ళు ఊరి ఆవిరవుతుంటాయి, ఆ ఆవిరయ్యేటప్పుడే లోపలి వేడి లాగేసుకుంటాయి, అందుకే నీళ్ళు చల్లబడతాయి. గాలి తగిలే చోట పెడితే ఇంకా చల్లగా ఉంటాయి. ఇది చెప్పి ఊరుకోకుండా ఒక కుండ వంటగది మూలన, ఇంకోటి కిటికీ పక్కన పెట్టి రెండింట్లో నీళ్ళు తాగి తేడా చెప్పమనండి. రాత్రి పడుకునే ముందు నింపడం, రెండు రోజులకోసారి కడగడం, మూత వేశారా లేదా చూడటం వాళ్ళ పని. ఇంటికొచ్చిన వాళ్ళకు ముందు నీళ్ళిచ్చేది కూడా వాళ్ళే.

మామిడిపళ్ళు కొనడం నేర్పించండి

డబ్బాలో కోసి పెట్టిన ముక్కలు తినే పిల్లలకు పండు ఎంచుకోవడం రాదు. గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్ ఇప్పుడు విజయవాడ హైవే మీద బాటసింగారం దగ్గరకు మారింది, సీజన్‌లో ఒక్కసారైనా పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్ళండి, లారీల్లో దిగే కాయ, గడ్డి వాసన, వేలం పాటల గోల చూస్తే వాళ్ళకు నోట మాట రాదు. అంత దూరం కుదరకపోతే దగ్గర్లో ఉన్న రైతుబజారు చాలు. బంగినపల్లి కోసుకు తినడానికి, రసాలు జుర్రుకోవడానికి, తోతాపురి ఉప్పూకారం అద్దుకోవడానికి, హిమాయత్ దొరికితే మాత్రం ఇంట్లో అందరికీ సమానంగా పంచడానికి. రంగు చూసి కొనొద్దని, తొడిమ దగ్గర ముక్కు పెట్టి వాసన చూడమని చెప్పండి. పైన అంతా ఒకే పసుపు ఉండి వాసన లేదంటే అనుమానించాలి. కార్బైడ్‌తో మాగబెట్టడం మన దేశంలో నిషేధమే అయినా జాగ్రత్త మనదే. కాస్త పచ్చిగా ఉన్నవి తెచ్చుకుని ఇంట్లో గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెట్టి, రోజూ పొద్దున ఒక్కొక్కటీ తీసి నొక్కి చూసే పని పిల్లలకిస్తే, ఏ పండు ఎప్పుడు తయారవుతుందో మీకంటే వాళ్ళే బాగా చెబుతారు.

రసం తినే పద్ధతి కూడా నేర్పాల్సిందే. పండును ఓ అరగంట నీళ్ళలో వేసి ఉంచాలి. తర్వాత రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చుట్టూ మెల్లగా పిసకాలి, ఒక్కచోటే నొక్కితే తొక్క పగులుతుంది. లోపలంతా మెత్తబడిందని చేతికి తెలిశాక తొడిమ గిల్లేసి, మొదట వచ్చే నాలుగు చుక్కలు పిండి పారేయాలి, ఆ జీడి పెదాలకు తగిలితే పుండు పడుతుంది. ఇక నోటికి పెట్టుకోవడమే. చొక్కా విప్పించి బాల్కనీలో కూర్చోబెట్టండి, మోచేతుల దాకా కారనివ్వండి, టెంక తెల్లబడే దాకా చీకనివ్వండి, తర్వాత ఒక బకెట్ నీళ్ళతో అక్కడే స్నానం చేయిస్తే అయిపోతుంది. ఈ ఒక్క విషయంలో శుభ్రం గురించి కోప్పడకండి.

ఆవకాయ రోజు

పిల్లలకు ఇంతకు మించిన పండగ వేసవిలో లేదు. మోండా మార్కెట్‌లోనో రైతుబజారులోనో కాయ కొంటే అక్కడే కత్తిపీటతో టెంకతో సహా ముక్కలు కొట్టిస్తారు. కాకపోతే కొనగానే కొట్టించేయకుండా, కాయలు ముందు కడిగి తడి లేకుండా తుడిచాకే ఇవ్వాలి, తుడిచే గుడ్డ ఇంటి నుంచే తీసుకెళ్ళండి. కత్తి పడిన ప్రతిసారీ వచ్చే ఆ టక్ మనే చప్పుడు వినడానికి పిల్లలు అక్కడ్నుంచి కదలరు.

ఇంటికొచ్చాక ఫ్యాను కింద పాత పంచె పరిచి ముక్కలు పోయండి. ఇప్పుడు పిల్లల పని: ఒక్కో ముక్క తీసుకుని చెంచాతో లోపలి జీడి తీసేయాలి, టెంకకు అంటుకున్న కాగితం లాంటి పొర గిల్లేయాలి, పొడిగుడ్డతో తుడిచి పక్కన పెట్టాలి. ఆరేళ్ళ పిల్లలకు కూడా ఇది వస్తుంది, పైగా చాలా శ్రద్ధగా చేస్తారు. కారం ఉన్న గిన్నె దగ్గరకు మాత్రం రానివ్వొద్దు, కొలిచే పని ఇవ్వండి, కలిపే పని మీరు చేయండి. ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒక గిన్నె, ఆవపిండి ఒక గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె, కొంచెం మెంతులు, పైన తేలేటంత నూనె. కొందరు నువ్వుల నూనె అంటారు, మన తెలంగాణ ఇళ్ళల్లో చాలామంది పల్లీనూనె పోసి అల్లం వెల్లుల్లి కూడా వేస్తారు, మీ అమ్మ ఎలా పెడితే అలాగే పెట్టండి, పిల్లలకు తెలియాల్సింది ఆ రుచే. జాడీకి గుడ్డ కట్టి, మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడాలి. ఆ రోజు కలిపిన బేసిన్‌లో మిగిలిన పిండిలోనే వేడన్నం వేసి, నెయ్యి పోసి, అమ్మమ్మో నానమ్మో ముద్దలు చేసి ఒక్కొక్కరి చేతిలో పెడుతుంటే, మామూలుగా కారం అంటే ఏడ్చే పిల్లలు కూడా ముక్కు తుడుచుకుంటూ ఇంకో ముద్ద అడుగుతారు.

సగ్గుబియ్యం వడియాలు దీనికంటే సులువు. ఒక గ్లాసు సగ్గుబియ్యం నాలుగైదు గంటలు నానబెట్టి, అయిదారు గ్లాసుల నీళ్ళలో గింజ అద్దంలా కనబడే దాకా ఉడికించి, ఉప్పు, జీలకర్ర, నూరిన పచ్చిమిర్చి వేసి చల్లారనివ్వాలి. పొద్దున ఏడింటికల్లా డాబా మీద పరిచిన షీటు మీద చెంచాతో పెట్టడం పిల్లల వంతు. గుండ్రంగా రాకపోయినా వేగాక రుచి ఒకటే. కాకుల కాపలాకు వంతులు వేసుకోమనండి గానీ ఎండలో నిలబెట్టకండి, మెట్ల గది నీడలోంచి చూస్తే చాలు.

మధ్యాహ్నాలు

అసలు కష్టం ఇక్కడే. అన్నాలు తిన్నాక కర్టెన్లు వేసేసి ఓ గంట అందరూ పడుకోవాలని ఒక నియమం పెట్టుకోండి, నిద్ర రాకపోతే పుస్తకం చదువుకోవచ్చు, ఫోను మాత్రం లేదు. పుస్తకాల కోసం ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరకు తీసుకెళ్ళి, ఒక్కొక్కరికి వంద రూపాయలిచ్చి వాళ్ళనే బేరమాడి ఎంచుకోమనండి. మీరు ఎంచి కొన్న పుస్తకం కంటే వాళ్ళు ఏరుకున్న చిరిగిన బొమ్మల పుస్తకమే ముందు చదువుతారు.

లేచాక అష్టాచెమ్మా. బోర్డు కొనక్కర్లేదు, సుద్దముక్కతో నేల మీద అయిదు గళ్ళు ఇటు, అయిదు గళ్ళు అటు గీసి, నాలుగు వైపులా మధ్య గడిలో, నడిమధ్య గడిలో ఇంటూ గుర్తు పెట్టండి. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు తీసుకుని ఒక వైపు తెల్లబడే దాకా గరుకు బండ మీద అరగదీయాలి, ఈ అరగదీయడానికే ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. ఎన్ని తెల్లవి పడితే అన్ని గళ్ళు, నాలుగూ తెల్లవైతే చెమ్మ, అంటే నాలుగు, నాలుగూ నల్లవైతే అష్టా, అంటే ఎనిమిది, ఈ రెండిట్లో ఏది పడినా ఇంకో పందెం. గుర్తున్న గడిలో ఉన్న కాయను చంపకూడదు, అవతలి వాళ్ళ కాయను ఒక్కటైనా చంపితే గానీ లోపలి గళ్ళలోకి పోకూడదు. తాతయ్యను ఆటలో కూర్చోబెట్టండి. పిల్లల మీద జాలిపడి ఓడిపోవద్దని ఆయనకు ముందే చెప్పండి, నిజంగా ఆడితేనే వాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారు.

మే 9న ఒక చిన్న ప్రయోగం పెట్టుకోండి. హైదరాబాద్ ఉన్నది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద కాబట్టి ఏడాదిలో రెండుసార్లు, మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి, సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో నిటారుగా నిలబెట్టిన వస్తువుకు నీడ పక్కకు పడదు. బాల్కనీలో ఎండ పడే సమతలం మీద ఒక సీసా నిలబెట్టి, పదకొండున్నర నుంచి అప్పుడప్పుడు వెళ్ళి నీడ చివర సుద్దతో గుర్తు పెట్టి వచ్చేయమనండి. నీడ కొంచెం కొంచెంగా కుంచించుకుపోయి సీసా కిందకు దూరిపోతుంది. టోపీ, చెప్పులు వేసుకుని రెండు నిమిషాలు, అంతకు మించి ఎండలో వద్దు.

ఎండ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఆడుకుని వచ్చిన పిల్ల నీరసంగా ఉంటే నీడలో పడుకోబెట్టి, లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు సరిగ్గా కొలిచి కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ఒళ్ళు కాలిపోతూ, వాంతులవుతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రెండు నిమిషాల పనే కదా అని పిల్లల్ని కారులో వదిలి దిగడం అసలు చేయొద్దు.

సాయంత్రం ముంజలు

రోడ్డు పక్కన తాటికాయలు కుప్ప పోసుకుని కొట్టిచ్చే వాళ్ళ దగ్గర ఆగండి. ఒలిచి కవర్లో పెట్టినవి కాకుండా కాయ ఇప్పించండి, బొటనవేలితో కన్నులోకి పొడిచి అలాగే నోట్లోకి లాక్కోవడం పిల్లలకు రెండో కాయకల్లా వచ్చేస్తుంది. చల్లటి నీళ్ళు గడ్డం మీద కారతాయి, పర్లేదు. వచ్చేటప్పుడు ముంజలు తీసేసిన కాయలు రెండు అడిగి తెచ్చుకోండి, ఊరికే ఇస్తారు. ఒక పుల్లకు రెండు చివర్లా వాటిని గుచ్చితే చక్రాలు తయారు. ఒక పొడుగాటి పంగల కర్ర ఆ పుల్ల మీద ఆనించి తోస్తే బండి పోతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక పిల్లాడు ఈ బండి తోశాడంటే మర్నాటికి అన్ని ఫ్లాట్ల పిల్లలూ తాటికాయలు కావాలంటారు, అందుకని నాలుగు ఎక్కువే తెచ్చిపెట్టుకోండి.

రాత్రి డాబా మీద

స్లాబు పగలంతా కాగి రాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది, అందుకే ఆరింటికి ఒకసారి తడపాలి. ట్యాంకర్లు కొనుక్కునే కాలంలో మంచినీళ్ళు డాబా మీద పోయడానికి నాకు మనసొప్పదు. ఆర్ఓ మెషీన్ వదిలే నీళ్ళు, బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు పగలంతా బకెట్లో పట్టి ఉంచే పని పిల్లలకు చెప్పండి, సాయంత్రం మగ్గులతో చల్లేది వాళ్ళే, అందులో సగం వాళ్ళ మీదే పోసుకుంటారు. చీకటి పడ్డాక చాపలు, బొంతలు పరిచి పెరుగన్నం, మామిడిపండు అక్కడే తినేయండి. అపార్ట్‌మెంట్ అయితే సెక్రటరీని అడిగి తాళం తీయించుకోండి, పిట్టగోడ ఎత్తు చూసుకోండి, చిన్నపిల్లలు పెద్దవాళ్ళ మధ్యలోనే పడుకోవాలి.

తొమ్మిది దాటాక ఉత్తరం వైపు చూస్తే సప్తర్షి మండలం ఆకాశంలో సగం ఎత్తున కనబడుతుంది. తోకలా ఉన్న మూడు నక్షత్రాల్లో మధ్యది వశిష్ఠుడు, దాన్ని ఆనుకునే అరుంధతి. పెళ్ళిలో అమ్మానాన్నలకు చూపించింది ఇదేనని చెప్పండి, వీధి దీపాల వెలుగులో కంటికి ఆనకపోతే బైనాక్యులర్‌లో తెలుస్తుంది. ఆ తోక వంపును అలాగే ముందుకు సాగదీస్తే నారింజ రంగులో స్వాతి, ఇంకా పోతే తెల్లగా చిత్త. ధ్రువ నక్షత్రం కోసం మరీ పైకి చూడొద్దు, మన ఊరి అక్షాంశం ఎంతో అది అంతే ఎత్తులో ఉంటుంది, చెయ్యి చాచి పట్టుకున్న పిడికిలి దాదాపు పది డిగ్రీలు కాబట్టి, ఉత్తర దిక్కు అంచు నుంచి రెండు పిడికిళ్ళ కంటే కాస్త తక్కువ. పిల్లలు పిడికిళ్ళతో ఆకాశాన్ని కొలుస్తుంటే మధ్యలో నిద్రపోమని తొందరపెట్టకండి.

వారానికి ఒక్క బయటి తిరుగుడు చాలు. ఎంఎంటీఎస్ రైల్లో టికెట్ చవక, కిటికీ పక్కన కూర్చోబెడితే పిల్లలకు అదే పెద్ద ప్రయాణం. సాలార్‌జంగ్ మ్యూజియానికి (శుక్రవారం సెలవు) మధ్యాహ్నం పన్నెండుకు ముందే చేరండి, గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలూ కొట్టే దాకా అందరితో పాటు కూర్చుని ఎదురుచూడాలి. సాయంత్రమైతే మొజంజాహీ మార్కెట్, 1935 నాటి ఆ రాతి కట్టడం ముందు ఆరుబయట కూర్చుని మామిడిపండు ఐస్‌క్రీం.

ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్ళకు ఇవన్నీ కుదరవు, కుదరక్కర్లేదు కూడా. రంజన్, సాయంత్రం డాబా, ఆదివారం ఆవకాయ, ఈ మూడూ ఉంటే చాలు. పక్క ఫ్లాట్ వాళ్ళతో మాట్లాడుకుని మధ్యాహ్నాలు వంతులు వేసుకుంటే, ఒక రోజు వాళ్ళింట్లో, ఒక రోజు మీ ఇంట్లో, అందరి పిల్లలూ ఒకచోట ఆడుకుంటారు.

జూన్ మొదట్లో మృగశిర కార్తె వచ్చేసరికి చినుకు పడే అవకాశం ఉంటుంది, డాబా మీద ఆరేసినవి ముందే కిందకు దింపేయండి, చేపలు తినే ఇళ్ళవాళ్ళు ఆ రోజు పొద్దున్నే పిల్లల్ని ముషీరాబాద్ మార్కెట్‌కు వెంట తీసుకెళ్ళండి. ఆ వారంలోనే పుస్తకాలూ వస్తాయి. అట్టలు వేసే పని కూడా మీరు లాక్కోకండి, కొలత పెట్టి ఒకటి చూపించి మిగతావి వాళ్ళకు వదిలేయండి, మడత వంకర వస్తే రానివ్వండి, లేబుల్ మీద పేరు వాళ్ళ చేతే రాయించండి.